మానని పుండును దాచుట మర్యాదయా?

గత మాసము జరిగిన కార్యవర్గ సమావేశమున, నాలుక క్యాన్సరును గూర్చి మన వారపత్రికలో వ్రాయవలయునని మేము ప్రతిపాదించితిమి. వెంటనే రెండు అభ్యంతరములు వచ్చినవి. “మనది భాషా సంఘము. బడిలో తెలుగు ఉపాధ్యాయుని కొఱకును, గ్రంథాలయములో తెలుగు పుస్తకముల కొఱకును పోరాడుట మన పని. రోగములతో మనకేమి సంబంధము?” అని యొక పెద్దలు సెలవిచ్చిరి. “మనవారిలో ననేకులు చిల్లర వర్తకముపై జీవించువారు. పొగాకును నిందించుట మన కడుపు మనమే కొట్టుకొనుట కాదా?” అని మఱియొక వర్తక మిత్రులు అడిగిరి. ఇరువురును మాకు గౌరవనీయులే. ఇరువురి మాటయు తప్పే. ఎందువలన తప్పో మొగమాటము లేక చెప్పుటకే ఈ వ్యాసము.

మొదట భాషాభిమానుల మాట. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రము ఏర్పడినప్పుడు గంజాము ప్రాంతము మద్రాసు రాజధానినుండి విడివడి అందు చేరినది. నాటినుండి బరంపురములోని మన యిండ్లలో తెలుగును నిలిపినది ఎవరు? తీర్మానములు వ్రాసిన మనమా? కాదు. వాకిట కూర్చుండి పిల్లలకు పద్యములు చెప్పిన నాయనమ్మలు, అమ్మమ్మలు. పెండ్లిలో పాట అందుకొనిన పేరంటాండ్రు. భాష పుస్తకమున నుండుటకు ముందు నాలుకపై నుండును. ఆ నాలుకయే రాచపుండు పాలగుచుండగా అది సంఘమునకు పట్టని విషయమనుట ఏమి న్యాయము?

మా వీధిలో నొక పెద్దమ్మగారుండెడివారు. పేరు చెప్పము, ఆ కుటుంబము మన మధ్యనే యున్నది. ముప్పది యేండ్లు వీధి పిల్లలకందఱకు శతక పద్యములు నేర్పినది ఆమెయే. ఉదయము గుడాకుతో పండ్లు తోముకొనుట, భోజనానంతరము ఆకు వక్కలో పొగాకు వేసికొనుట ఆమె అలవాటు. ఒకనాడు నాలుక కుడిప్రక్క, విరిగిన దవడపంటి కెదురుగా, చిన్న పుండు లేచినది. “వేడి చేసినది” అనిరి. మజ్జిగ త్రాగించిరి, తేనె రాచిరి, మందుల దుకాణమునుండి విటమిను బిళ్లలు తెచ్చి మ్రింగించిరి. పుండు మానలేదు, కాని నొప్పియు లేదు గనుక ఎవరును పట్టించుకొనలేదు. నాలుగు మాసములకు చెవిలో పోటు మొదలైనది. చెవిలో చుక్కలు వేసిరి. ఆఱవ మాసమున దవడ క్రింద గడ్డ తగిలినది. ఏడవ మాసమున ఆసుపత్రికి తీసికొనిపోయిరి. సగమునకు పైగా నాలుక తీసివేయవలసి వచ్చినది. ఆ తరువాత ఆమె పదునాలుగు మాసములు బ్రతికినది. ఆ దినములలో పిల్లలు వచ్చిన పలకపై వ్రాసి చూపెడిది. పద్యము చదివించుకొని, తప్పు పలికిన చోట చేతితో కొట్టి చూపెడిది.

ఇంతకును ఆమె యింటివారు అజ్ఞానులా? కాదు, చదువుకొన్నవారే. వారికి తెలియనిది ఒక్క లెక్క మాత్రమే: మూడు వారములు. సామాన్యమైన నోటిపూత, కొఱుకుడు పుండు, పన్ను గీచుకొనిన గాయము పదిపదునైదు దినములలో మానును. మూడు వారములు దాటినను మానని పుండును వైద్యునికి చూపవలయును. ఇదియే ఈ వ్యాసమునందలి ముఖ్యమైన మాట. తక్కినదంతయు మఱచినను దీనిని మఱువవలదు.

చూడవలసిన గుర్తులేవో వివరింతుము. నాలుక క్యాన్సరు అధికముగా నాలుక కొనయందు గాక ప్రక్క అంచున పుట్టును. అందుచేతనే నాలుక చాపి అద్దములో చూచుకొనువానికి అది కనబడదు. మానని పుండు, అంచులు గట్టిపడిన పుండు మొదటి గుర్తు. గీచినను పోని తెల్లని మచ్చ రెండవది. ఎఱ్ఱని మచ్చ మూడవది. ఇది తెల్లమచ్చకంటెను ప్రమాదకరము. కారణము లేక రక్తము కారుట, నాలుకలో నొకచోట తిమ్మిరి, వ్రేలితో నొక్కిన తగులు గట్టితనము, మ్రింగుటకు కష్టము, నాలుక పూర్తిగా వెలికి రాకుండుట, మాట ముద్దగా వచ్చుట, చెవిలో దోషము లేకయే చెవిపోటు, మెడలో తగ్గని గడ్డ: ఇవి తక్కిన గుర్తులు. నోరు క్రమముగా మూసికొనిపోయి మూడు వ్రేళ్లు నిలువుగా పట్టనంత యిఱుకైనచో, అది వక్క నమలుటవలన కలుగు వేఱొక రోగము. దానినుండియు క్యాన్సరు పుట్టవచ్చును.

చూచుకొనుటకు పెద్ద సాధనములక్కఱలేదు. మాసమున కొకసారి, మంచి వెలుతురున అద్దము ముందు నిలిచి, శుభ్రమైన గుడ్డతో నాలుక కొన పట్టి ముందు కుడికి, పిదప ఎడమకు లాగి ప్రక్కలు చూడుడు. నాలుక మడిచి క్రిందిభాగము చూడుడు. వ్రేలితో తడిమి గట్టితనము గలదేమో చూడుడు. మెడ రెండువైపుల తడుముడు. రెండు నిమిషముల పని. కేరళలో తిరువనంతపురము జిల్లాయందు, వైద్యులు కాకపోయినను శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికి పోయి నోళ్లు పరీక్షించిరి. ఆ ఫలితములు 2005లో ప్రకటితమైనవి. పొగాకు గాని మద్యము గాని వాడువారిలో నోటి క్యాన్సరు మరణములు నూటికి 34 వంతులు తగ్గినవి. చూచుటయే ఇంత రక్షణ యిచ్చుచుండ, చూడకుండుటకు మనకు గల సాకులేమి?

సాకులు చాలనే గలవు. ఒక్కొక్కదానికి సమాధానము చెప్పెదము.

“వేడి చేసినది” అందురు. వేడి మూడు వారములుండదు. “నొప్పి లేదుగదా” అందురు. నొప్పి లేకుండుటయే భయపడవలసిన సంగతి. తొలిదశలో ఈ పుండు తఱచు నొప్పి పెట్టదు. “ముక్క తీసి పరీక్షించినచో క్యాన్సరు రేగి ప్రాకును” అందురు. ఇది పచ్చి అబద్ధము. బయాప్సీ యనగా చిన్న తునక తీసి సూక్ష్మదర్శినితో చూచుట. అది లేనిదే రోగమిదియని తేల్చుట సాధ్యము కాదు. కత్తి తగిలి ప్రాకలేదు, కత్తి తగులక మాసములు గడచినందున ప్రాకినది. “మా తాత తొంబది యేండ్లు చుట్ట త్రాగి హాయిగా పోయినాడు” అందురు. ఏటిలో నడచి ఆవలియొడ్డు చేరినవాడే కథ చెప్పును, కొట్టుకొనిపోయినవాడు చెప్పడు. “వచ్చిన తరువాత వైద్యము దండుగ” అందురు. తొలిదశలో పట్టుకొనిన నాలుక క్యాన్సరు అధికభాగము నయమగును. మెడ గ్రంథులకు ప్రాకిన పిమ్మట బ్రతుకు ఆశ సుమారు సగమునకు పడిపోవును. బొంబాయిలోని టాటా స్మారక ఆసుపత్రిలో డాక్టరు అనిల్ డిక్రూజ్ గారును సహచరులును జరిపిన పరిశోధన 2015లో వెలువడినది. తొలిదశ నోటి క్యాన్సరు గలవారిలో మెడ గ్రంథులను ముందుగానే తీసినచో మూడేండ్లకు నూటికి 80 మంది, గ్రంథి ఉబ్బువఱకు వేచి తీసినచో 67.5 వంతున జీవించియుండిరి. వేచియుండుటకు మూల్యమెంతయో ఈ అంకెలే చెప్పుచున్నవి.

“నలుగురికి తెలిసిన అమ్మాయి పెండ్లికి అడ్డు” అని మఱికొందఱు దాతురు. ఇది అంటువ్యాధి కాదు. ఒక కంచమున తినినంత మాత్రమున రాదు. ఏ అలవాటును లేనివారికి కూడ వచ్చుట గలదు. నాలుక మొదట పుట్టు క్యాన్సరునకు కొందఱిలో హెచ్.పి.వి. అను వైరసు కారణము. కావున రోగిని వేలెత్తి చూపు అధికారము ఎవరికిని లేదు. దాచుట మర్యాద కాదు. దాచినవారు మర్యాదను గాదు, మనిషిని పోగొట్టుకొందురు.

అయినను మన దేశమున దీనికి ప్రధాన కారణము తెలిసినదే: పొగాకు, వక్క, మద్యము. పొగాకును మద్యమును కలిసినచో ప్రమాదము కూడిక వలె గాక గుణకారము వలె పెరుగును. పొగాకుతోడి తాంబూలము క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1985లోనే నిర్ణయించినది. పొగాకు లేని వక్కయు కారకమే యని 2004లో ప్రకటించినది. మన బంధువర్గము గల శ్రీకాకుళము సీమలో చుట్టను నిప్పువైపు నోట బెట్టుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలను మనలో చూడనివారెవరు? అచ్చట 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, ఆ పొగ అంగిటికి చేయు హానిని వర్ణించిన పరిశోధన 1971లో ప్రకటితమైనది. అడ్డపొగ అంగిటిని కాల్చును; నమలు పొగాకు బుగ్గను, నాలుక ప్రక్కను తినివేయును. 2020వ సంవత్సరమున భారతదేశమున సుమారు 1,36,000 మందికి పెదవి, నోటి క్యాన్సరులు క్రొత్తగా వచ్చినట్లును, 75,000 మంది మరణించినట్లును అంతర్జాతీయ అంచనా.

ఇక వర్తక మిత్రుల మాట. దీనికి సమాధానము చెప్పు హక్కు మాకు గలదు, మేమును వర్తకులమే. పైని చెప్పిన పెద్దమ్మగారు వాడిన పొగాకు ఎవరి దుకాణమునుండి పోయినది? మా దుకాణమునుండియే. గుడాకు డబ్బా నెలనెలా సామానులతో కట్టి పంపినది మా చేతులే. ఆమె శవము లేచిన దినమున మేము దుకాణము మూసి వెంట నడచితిమి. మఱునాడు తెఱచి అదే సరుకు అమ్మితిమి. ఈ మాట వ్రాయుటకు సిగ్గుపడుచున్నాము. సిగ్గుపడియే వ్రాయుచున్నాము.

2013లో ఒడిశా ప్రభుత్వము గుట్కాను నిషేధించినది. మన దుకాణములలో ఏమి జరిగినది? మసాలా ఒక పొట్లమున, పొగాకు వేఱొక పొట్లమున వచ్చినవి. రెండును కలిపి యిచ్చి చట్టమును గెలిచితిమని నవ్వుకొంటిమి. 2003 నాటి చట్టము పదునెనిమిది యేండ్లు నిండనివారికి అమ్మరాదనియు, విద్యాలయమునకు నూఱు గజములలో అమ్మరాదనియు చెప్పుచున్నది. “నాన్నగారికి తెమ్మనిరి” అని పిల్లవాడు చేయి చాచిన మనలో నెంతమంది లేదనిరి? 2016 నుండి పొట్లముపై నూటికి 85 వంతుల స్థలమున భయంకరమైన హెచ్చరిక బొమ్మ వేయుచున్నారు. దండలుగా వ్రేలాడదీయునప్పుడు ఆ బొమ్మ గోడవైపు పోవునట్లు త్రిప్పినది ఎవరి చేయి?

“మనము మానిన ప్రక్క దుకాణమువాడు అమ్మును” అందురు. అమ్మనిండు. వాని లెక్క వాడు చెప్పుకొనును. మేము గత సంవత్సరము ఉగాదినుండి ఆ సరుకు మానితిమి. మొదటి మూడు మాసములు రాబడి తగ్గినది, దాచము. ఆ పొట్లము కొఱకు వచ్చి సబ్బో, అగ్గిపెట్టెయో కొనిపోవువారు రాలేదు. ఆ గూటిలో ఇప్పుడు వేయించిన శనగలు, పల్లీలు, సోంపు ఉంచితిమి. నష్టము పూర్తిగా పూడలేదు. కాని దుకాణము మూతపడలేదు; మా కుటుంబము పస్తుండలేదు. తాను అమ్మిన సరుకుచే తన వీధి మనిషి చచ్చిన లెక్క ఏ పద్దులో వ్రాయవలయునో మాత్రము మాకు నేటికిని తెలియకున్నది.

కావున సంఘము ముందు నాలుగు ప్రతిపాదనలుంచుచున్నాము. మొదటిది: మన సభ్యులు పెండ్లిండ్లలో, పేరంటములలో పెట్టు తాంబూలమునుండి పొగాకును తొలగింపవలయును, వక్కకు బదులు సోంపు, ఏలకులు పెట్టవలయును. రెండవది: రాబోవు శ్రీరామనవమి పందిరిలో ఒక పూట దంతవైద్యులను పిలిపించి అందఱ నోళ్లు పరీక్ష చేయింపవలయును, మొదట నోరు తెఱచువారము మేమే. మూడవది: ఇంటి పట్టున నుండిన మన వృద్ధస్త్రీలలో కొందఱకు వైద్యుని యెదుట ఒడియాలో బాధ వివరించుటకు మాట చాలదు. అట్టివారి వెంట పోవుటకు సంఘము ఇద్దరు యువకులను, ఇద్దరు యువతులను నియమింపవలయును. భాషా సంఘమునకు ఇంతకంటె తగిన భాషాసేవ ఏది? నాలుగవది: సంఘ సభ్యులైన వర్తకులు పిల్లలకు పొగాకు అమ్మమని వ్రాతమూలకముగా మాట యీయవలయును. పూర్తిగా మానువారి పేర్లు ఈ పత్రికలో గౌరవముగా ప్రకటింతుము.

అభ్యంతరము గలవారు వచ్చు సమావేశమునకు దయచేసి చెప్పవచ్చును; వినుటకు సిద్ధముగా నున్నాము. అయితే ఆ సమావేశమునకు వచ్చుటకు ముందు ప్రతివారును తమ యింటిలోని పెద్దల నడుగుడు: “నోటిలో పుండేమైన నున్నదా? ఎన్నినాళ్లైనది?” మూడు వారములు దాటినదన్నచో సమావేశమునకు రానక్కఱలేదు. వారిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి పొండు.