చేతిసాండరును ఎంచుకొనుట

మా అత్తగారినాటి రంగుతొట్టిని బాగుచేయ సంకల్పించి, కొయ్యను నునుపుచేయు విద్యుత్సాండరు కొనుటకై మొన్న అంగడి కేగితిని. అంగడివాడు మొదట పట్టీసాండరును చూపెను. అది చెక్కను మిక్కిలి వడిగా అరగదీయును, క్రొత్తచేతికి లొంగదు. చదరపుది చౌక, మూలల కనుకూలము, పని మాత్రము మందము. 5 అంగుళముల గుండ్రని బిళ్లగలది తిరుగుచునే ఊగును గనుక గీతలు తక్కువ. దానినే గ్రహించితిని, మూలలకు ఉప్పుకాగితమును, మన వ్రేళ్లును చాలవా? చేతబట్టి చూడక కొనవలదు. వేగము తగ్గించు మీటయు, ధూళిసంచియు నుండవలెను. 80వ అంకె కాగితముతో నారంభించి 120, పిదప 220 వాడుడు. అదిమిపట్టరాదు.

బడినుండి వచ్చి మావారు, "ఆ తొట్టిరంగు ఏనాటిది?" అని యడిగిరి. నాకు గుండె ఝల్లుమన్నది. ఇండ్లరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 మించరాదను నియమము మనదేశమున అమలైనది 2017లో గదా! పాతరంగును గీచినచో సీసపుధూళి లేచును. అది పసిబిడ్డల మెదడునకు చేటు. సన్నని ధూళి నంతయు ఆ సంచి పట్టజాలదు.

తొట్టి తిరిగి అటక యెక్కినది. ఎన్నడును రంగెఱుగని టేకుపీటపై, ముక్కునకు ఎన్95 ముసుగు గట్టుకొని, వసారాలో యంత్రమును నడపితిని.