ఏం నిరూపించబోతున్నారు?

కూచిపూడి మీద విద్యార్థులు రాసే వ్యాసాలు ఎన్నో మా చేతికి వస్తుంటాయి. చాలావాటి మొదలు ఒకటే. భరతుడి నాట్యశాస్త్రం, అరవైనాలుగు కళలు, తెలుగుజాతి ఘనత, ఆ తరువాత కూచిపూడికి ఆద్యుడనే సిద్ధేంద్రయోగి. మూడు పేజీలు తిప్పినా రాసినవారు ఏం నిరూపించదలచుకున్నారో అంతుపట్టదు. వీళ్లు చదవని పిల్లలు కారు. ప్రవేశిక, విషయం, ముగింపు అని బడిలో నేర్పాం. ఆ మూడింటినీ నడిపించే ప్రశ్న ఒకటుండాలని మాత్రం నేర్పలేదు.

ప్రశ్న లేనిచోట ఆధారాన్ని తూచి చూడడమూ ఉండదు. మాచుపల్లి కైఫియత్తునే, అంటే ఆ ఊరి చరిత్ర రాసిన పత్రాన్నే, తీసుకోండి. భాగవత మేళం ఆడేవారు విజయనగరం వెళ్లి, వీరనరసింహరాయల ఎదుట ప్రదర్శన ఇస్తూ, స్థానిక పాలకుడు సంబెట గురవరాజు తన సీమలో జనాన్ని పెడుతున్న బాధలను ఆటలోనే చూపించారని అందులో ఉంది. గొప్ప కథ. దీనికి 1502 అని సంవత్సరం వేసి, కూచిపూడి మేళానికి తిరుగులేని సాక్ష్యంగా వ్యాసం తరువాత వ్యాసంలో ఎత్తి రాస్తున్నారు. కానీ వీరనరసింహరాయలు పట్టానికి వచ్చింది 1505లో. కైఫియత్తులను కర్నల్ కాలిన్ మెకంజీ మనుషులు సేకరించింది పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో. జరిగిందంటున్న సంఘటనకూ మనకు దొరికిన రాతకూ నడుమ మూడు వందల ఏళ్లున్నాయి. అంతమాత్రాన కైఫియత్తును పక్కన పడేయనక్కర్లేదు. ఒక సీమ జనం ఏది గుర్తుపెట్టుకున్నారో అది చెబుతుంది. అయితే ఈ తేదీల చిక్కును పాఠకుడి ముందు పెట్టాల్సిన బాధ్యత రాసేవారిదే.

ఇప్పుడు 1763 నాటి పత్రం చూడండి. కూచిపూడి అగ్రహారంలో హక్కుదారులెవరో తేల్చి, పదిహేను ఇంటిపేర్లను నమోదు చేసిన కాగితం అది. వేదాంతం, వెంపటి, పసుమర్తి, భాగవతుల వంటి పేర్లు అందులో ఉన్నాయి. ఆస్తి లెక్క తేల్చడానికి రాసుకున్నది కనుక కళను పొగడాల్సిన అవసరం దానికి లేదు. అదే దాని బలం. గోల్కొండ సుల్తాను తానీషా 1678లో అగ్రహారం ఇచ్చాడన్న మాట ఈ రెండింటికీ మధ్య నిలుస్తుంది. ఆయన పాలన మొదలైంది 1672లో కనుక కాలం కుదురుతుంది.

ఇంత ఉన్నాక వ్యాసం దానంతటదే రూపు కడుతుంది. ‘పద్దెనిమిదో శతాబ్దం నడిమికి ఈ కుటుంబాలు కూచిపూడిలో పాతుకుని ఉన్నాయి, అంతకు వెనక్కి వెళ్లేకొద్దీ ఆధారం పలచబడుతుంది.’ ఈ ప్రతిపాదన మొదటి పేరాలోనే రావాలి. గట్టి ఆధారం ముందు, దాని వెనుక తానీషా, ఆ పైన కైఫియత్తు. ఒక్కో పేరాకు ఒక్కో పని. ఎదుటివారి వాదాన్ని దాచకుండా, వారే ఒప్పుకునేటంత బలంగా చెప్పి, అప్పుడు జవాబివ్వాలి. ముగింపులో మొదటి పేరానే మళ్లీ రాయడం మాత్రం మానుకోవాలి. ఇంకా తేలనిది ఏదో అక్కడ చెబితే తరువాత రాసేవారికి దారి దొరుకుతుంది.

అభిమానం ఒక్కటే సరిపోని రోజు కూచిపూడికి ఇదివరకే వచ్చింది. 1958లో సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో జరిపిన నృత్య సదస్సులో విస్సా అప్పారావు కూచిపూడిపై పత్రం చదివారు. ఇది శాస్త్రీయ నృత్యమేనా అన్న వివాదం అప్పుడు రేగింది. మరుసటి ఏడాది హైదరాబాదులో మనవాళ్లు సదస్సు పెట్టి వాదనతోనే బదులివ్వాల్సి వచ్చింది.

మాకు వ్యాసాలు పంపే విద్యార్థులకు మనవి. మీరు చెప్పదలచింది ఒక్క వాక్యంలో ముందే చెప్పండి. ప్రతి ఆధారానికీ పుస్తకం పేరు, పేజీ సంఖ్య ఇవ్వండి. ఇంకొకరి పుస్తకంలో ఎత్తి రాసింది చూసి రాస్తే ఆ సంగతీ చెప్పండి. అలా వచ్చిన వ్యాసం మా అభిప్రాయానికి పూర్తిగా ఎదురు నిలిచినా అచ్చు వేస్తాం.