పులిహోరకూ నిఘంటువులో చోటివ్వండి

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతికి ఆయన పటానికి దండ వేస్తారు. వాడుక భాషకు జేజేలు పలుకుతారు. మరుక్షణం అదే మైకులో, కుర్రకారు ఫోన్లలో తెలుగును చంపేస్తున్నారని శాపనార్థాలు పెడతారు. వింటుంటే ఒళ్లు మండుతుంది. గిడుగు పోరాడింది ఎవరి నోటి మాట కోసం? ఆయన మీదికి పండితులు దండెత్తింది కూడా భాష చెడిపోతోందనే కదా!

ఎక్కడ చచ్చింది భాష? సెల్ఫీ పరాయి మాటే. దాన్ని మనవాళ్లు ఏ క్రియతో ముడివేశారో చూడండి. ఫొటో తీసేవాడు తీస్తాడు, అందులో ఉండేవాడు దిగుతాడు. సెల్ఫీలో ఇద్దరూ ఒక్కరే. అయినా ‘సెల్ఫీ దిగుదాం రా’ అనే పిలుస్తాం. ఈ ఎంపిక ఏ పండితుడూ నేర్పలేదు. లైకు కొడతాం, స్టేటస్ పెడతాం. పేరు అరువుది, క్రియ మనది. ఉర్దూ మాటలు వచ్చినప్పుడూ ఇంతే: ‘జవాబు’ చెప్పాం, ‘రాజీ’ పడ్డాం. తెలుగు బతికిన తీరే అది.

ఇక పులిహోర కలపడం. అమ్మాయి పోస్టు కింద చేరి తియ్యతియ్యగా మాటలు కలిపేవాణ్ని పట్టివ్వడానికి ఇంతకన్నా సొగసైన తెలుగు జాతీయం ఈమధ్య ఏ సభలో పుట్టిందో చెప్పండి!

ఇంగ్లిషు పేర్లకు బదులు మాటలూ నెట్‌లోనే దొరికాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో జీతం భత్యం లేని మనుషులు యూజర్‌ను వాడుకరి అన్నారు. చిన్న వ్యాసాన్ని మొలక అన్నారు. అందరూ చర్చించుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టారు. బ్లాగర్లు పోస్టును టపా అన్నారు.

నెట్‌లో మురికీ పుడుతోంది. కులం పేరుతో తిట్లు, ఆడవాళ్లను కించపరిచే కూతలు. వాటిని ఎండగట్టాల్సిందే. ఆ వంకతో మొత్తం నుడికారాన్నే వెలివేయడం మాత్రం అన్యాయం.

ఇలా వెలివేయడం కొత్త కాదు. సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్య ప్రయోగాలకే పెద్దపీట వేసింది. జనం నోట నలిగిన మాటలెన్నో నమోదు కాకుండా పోయాయి. ఆ తప్పు మళ్లీ చేయొద్దు. పైగా నెట్‌లో పోస్టు తొలగిస్తే మాటకు సాక్ష్యం కూడా పోతుంది. విశ్వవిద్యాలయాల్లోని తెలుగు శాఖలు ఇప్పుడే పూనుకోవాలి. ఏ మాట, ఏ జిల్లాలో, ఏ అర్థంలో, ఏ ఏడాది వాడారో రాసిపెట్టాలి.

చదువరులారా, మీ ఇంటి పిల్లల నోట కొత్త మాట వినబడితే కసరకండి. అర్థం అడిగి, తేదీ వేసి రాసుకోండి.