పిడి లేని వలయం

1979 ఆగస్టులో అమెరికాలోని మిన్నెసోటాలో, బెమిడ్జి ఊరి దగ్గర ముడిచమురు పైపు పగిలింది. దాదాపు 10,700 పీపాల చమురు నేలపాలైంది. చాలావరకు ఎత్తేశారు. మిగిలింది ఇసుకలోకి దిగి భూగర్భజలం మీద తేలింది. 1983 నుంచి శాస్త్రవేత్తలు అక్కడ బావులు తవ్వి నీళ్లు తోడి పరీక్షిస్తున్నారు. ఈ సంచిక ముఖ్య వ్యాసం ఆ చోటు గురించే.

చమురులోని బెంజీన్ బంధువుల్లో టోలుయీన్ కాస్త లొంగే రకం. దాని వలయానికో మిథైల్ కొమ్మ ఉంటుంది, సూక్ష్మజీవులకు అదే పిడి. బెంజీన్‌కు ఆ పిడి లేదు. ఆరు కార్బన్లూ సరిసమానమైతే ఎక్కడని కొరకాలి? ఆక్సిజన్ ఉంటే ఎలాగోలా తెగుతుంది. అది లేనిచోట తెగదనే చాలాకాలం అనుకున్నారు. బెమిడ్జి మట్టిలో మాత్రం, తుప్పులాంటి ఇనుప ఖనిజాన్ని ఆక్సిజన్‌కు బదులు వాడుకునే సూక్ష్మజీవులు ఆ పనీ చేస్తున్నాయని 1990ల్లో తేలింది.

‘ప్రకృతే చూసుకుంటుందిలే’ అని చేతులు దులుపుకునేవారికి ఈ కథలో మిగతా సగం రుచించదు. వాడుకునేకొద్దీ ఆ ఇనుము తరిగిపోతుంది, బెంజీన్ మళ్లీ ముందుకు పాకుతుంది. ఖనిజం కరిగేటప్పుడు దాన్ని అంటిపెట్టుకున్న ఆర్సెనిక్ కూడా నీళ్లలోకి దిగుతుంది. వ్యాసంలోని పట్టికలు కొరుకుడు పడకపోతే దాటేయండి, ఆర్సెనిక్ భాగం మాత్రం వదలొద్దు.