గ్యాసు బండా, డీజిలు బండా? ధర కాదు, దారి చూడాలి

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల నుంచి బోయినపల్లి మార్కెట్టుకు కూరగాయలు చేరవేసే చిన్న ట్రాలీల యజమానులను ఒక ప్రశ్న వేధిస్తున్నది. పాత బండి అమ్మి కొత్తది కొనేటప్పుడు గ్యాసుది తీసుకోవాలా, డీజిలుదా? ఫైనాన్సు వాయిదాలు ఏళ్ల తరబడి కట్టవలసిన వ్యవహారం కనుక ఇది ఆషామాషీ ప్రశ్న కాదు. పైగా ఇంధనం ఖర్చు కిరాయిలోకి, కిరాయి రైతు తక్‌పట్టీలోకి ఎక్కుతుంది.

ఒకప్పుడు ఈ సందేహమే లేదు. 2005లో వచ్చిన టాటా ఏస్ డీజిలు బండే. డీజిలు ధరపై ప్రభుత్వ నియంత్రణ ఉండేది. 2014 అక్టోబరులో అది తొలగింది. 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 6 నిబంధనలు రాగా, మారుతి సంస్థ డీజిలు బండ్లనే మానివేసింది. మరోవైపు భాగ్యనగర్ గ్యాస్ వారి మదర్ స్టేషను శామీర్‌పేటలోనే వెలసింది. గ్యాసు మన గుమ్మంలోకే వచ్చిందన్న ఉత్సాహం సహజం.

కాని "గ్యాసు చవక" అన్న మాట ఢిల్లీ లెక్క. అక్కడ కిలో గ్యాసు లీటరు డీజిలు కంటె తక్కువ ధరకు దొరుకుతుంది. హైదరాబాదులో 2022 నుంచి ఈ రెండూ దరిదాపులనే నడుస్తున్నవి. 2024 మార్చిలో డీజిలు లీటరుకు 2 రూపాయలు తగ్గింది. కిలో గ్యాసులో లీటరు డీజిలు కంటె వేడిమి ఎక్కువే అయినా, డీజిలు ఇంజను పొదుపైనది కనుక ఆ లాభంలో చాలా భాగం హరించుకుపోతుంది.

ఉదాహరణకు రెండూ 96 రూపాయలే అనుకుందాం. సరుకుతో డీజిలు బండి లీటరుకు 18, గ్యాసు బండి కిలోకు 20 కిలోమీటర్లు నడిస్తే, కిలోమీటరుకు 53 పైసలు మిగులుతుంది. రోజుకు 50 కిలోమీటర్ల చొప్పున 300 రోజులకు 8,000 రూపాయలు. అంటే దినానికి 27 రూపాయలకు మించదు! బంకు వద్ద గంటసేపు క్యూలో నిలబడి, తెల్లవారుజామున మొదటి వేలం తప్పిపోతే, ఆ ఒక్కరోజు నష్టం ముందు ఈ ఆదా ఏ మూలకు?

అయితే గ్యాసు బండి పనికిరాదని కాదు. స్టేజ్ 6 డీజిలు బండికి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలి శుభ్రపడాలంటే బండి కొంతసేపు ఆగకుండా, వేడెక్కి నడవాలి. కొంపల్లి, అల్వాల్ ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ రోజూ చిన్న ట్రిప్పులు కొట్టే బండికి ఆ అవకాశం తక్కువ. ఫిల్టరు పూడుకుంటే వర్క్‌షాపు ఖర్చు, కిరాయి నష్టం రెండూ తప్పవు. ఈ దారిలో గ్యాసుకు మొగ్గు ఉన్నది అందుకే, చవక అయినందుకు కాదు.

అదే నిజామాబాదు, నాగపూరు కిరాయిలు ఒప్పుకొనే ఆసామికి డీజిలే తగును. నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు దాని లాగుడు వేరు. గ్యాసు సిలిండర్లు బండి మోసే బరువులో కొంత తామే తింటవి. మూడేళ్లకొకసారి వాటికి పరీక్ష చేయించడం కూడా తప్పనిసరి.

కొనదలచినవారు షోరూములో చెప్పే మైలేజీని నమ్ముకోక ముందు ఒక పని చేయాలి. తాము లోడు ఎత్తే వేళకే, తమ దారిలోని గ్యాసు బంకుకు ఒక వారం వెళ్లి చూడాలి. ఎన్ని బండ్లు నిలిచి ఉన్నవి, ప్రెషరు చాలి టాంకీ నిండుతున్నదా అన్నది అక్కడే తెలుస్తుంది. గ్యాసు సంస్థలు కూడా రైతు సరుకు కదిలే ఆ వేళల్లో ప్రెషరు తగ్గకుండా చూస్తేనే ఆదా రైతు దాకా చేరుతుంది. లేకుంటే గ్యాసు గుమ్మంలో ఉన్నా, బండి క్యూలోనే ఉంటుంది.