ఫ్రెంచి భాషయు రాజనీతియు

బ్రిటను విశ్వవిద్యాలయములు పెక్కింట ఫ్రెంచి భాషను, రాజనీతిశాస్త్రమును కలిపి యొకే పట్టమునకు చదువవచ్చును. సాధారణముగా నాలుగేండ్లు; అందు మూడవ యేడు ఫ్రెంచి మాటలాడు దేశమున గడపవలెను.

రెండు పడవలపై కాళ్లని కొందఱు తల్లిదండ్రులు శంకింతురు. మే మట్లు తలంపము. ఫ్రాన్సున 1905 నాటి చట్టము మతసంస్థలను రాజ్యమునుండి వేఱుచేసెను. 2004 నాటి చట్టము ప్రభుత్వ పాఠశాలలలో విద్యార్థులు ప్రస్ఫుటమైన మతచిహ్నములు ధరింపరాదనెను. పెద్ద సిలువయు నందు చేరినదే. దీనికి మూలమైన ‘లాయిసితే’ యను పదమును ‘లౌకికరాజ్య’మని తెనిగించి యూరకున్నచో, సర్వమతములను సమముగ నాదరించు మన పద్ధతియే యక్కడను గలదని భ్రమపడుదుము. ఆ వాదమును ఫ్రెంచి పత్రికలలో స్వయముగ చదివినవానికే దాని పట్టు తెలియును. గోదావరి యొడ్డున నున్న యానాము 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలోనిదే; కావున నీ భాష మన కంత దూరపుదియు కాదు.

విదేశవాసపు వ్యయము మాత్రము నిజమైన బరువే. తల్లిదండ్రులు దానిని ముందే లెక్కించి, పిమ్మట బిడ్డ కోరికను విచారింతురుగాక.