హమాలీ కూలీ: పేచీ రేటులో లేదు, ఖాతాలో వున్నది

మార్కెట్ యార్డుల్లో సరుకు రాక ముమ్మరమయ్యే వేళకే హమాలీ రేట్ల ఒప్పందం గడువు తీరడం మామూలైపోయింది. మిర్చి టిక్కీలు బండ్ల మీదనే వుంటాయి. కాటాలు ఆగుతాయి, పాట జరగదు. ఒకటి రెండు రోజుల చర్చల తరువాత బస్తాకు ఇంత అని కొత్త రేటు కుదురుతుంది. ఖరీదుదారులు, కమీషన్ వ్యాపారులు, హమాలీ సంఘంవారు సంతకాలు చేస్తారు. మళ్ళీ గడువు తీరేవరకు ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. ధర తేజీలో వున్నప్పుడు రెండు రోజులు యార్డు మూతపడినందువల్ల పోయినదెంతో మాత్రం ఏ వ్యాపారీ తన చిట్టాలో రాసుకోడు.

కనీస వేతనం గురించి ప్రభుత్వాలు ఎంత మాట్లాడినా యార్డుకు ఆ మాట అతకడం లేదు. కారణం స్పష్టమే. 1948 నాటి కనీస వేతనాల చట్టం షెడ్యూలులో చేరిన పనులకే వర్తించేది. 2019లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ఆ షెడ్యూలును తీసివేసి, అన్ని పనులకూ కనీస వేతనం వుండాలన్నది. పీసు లెక్కన పనిచేసేవారికి వేరే రేటు నిర్ణయించనప్పుడు రోజు కూలీకి తగ్గకుండా ఇవ్వాలన్న నియమం పాత చట్టంలోనూ వున్నది, కొత్త కోడ్‌లోనూ వున్నది. వినడానికి బాగానే వున్నది. అయితే ఇవ్వవలసినవాడు ఎవరు? ఒక హమాలీ పొద్దున ఒక కొట్టు ముందర బస్తాలు దించి, మధ్యాహ్నం మరో నాలుగు కొట్ల సరుకు కాటాకెత్తి, సాయంత్రం ఇంకొకరి లారీ నింపుతాడు. కూలీ అంతా ముఠా మేస్త్రీ చేతికి వస్తుంది, ముఠాలో పంపకమవుతుంది. చట్టం యజమాని కోసం వెతుకుతుంది. యార్డులో యజమాని దొరకడు. ప్రావిడెంటు ఫండు చట్టం ఇరవై మంది పనివారున్న సంస్థను అడుగుతుంది. కొట్టులో వుండేది ఒక గుమాస్తా, ఒకరిద్దరు పనివారు. హమాలీ ఎవరి హాజరు పట్టీలోనూ లేడు.

ఇక అంకెల సంగతి. జాతీయ స్థాయి కనీస వేతనమని 2017లో ప్రకటించినది రోజుకు 176 రూపాయలు. దానికి చట్టబద్ధత లేదు. అనూప్ సత్పతి అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం 2019లో 375 రూపాయలు వుండాలన్నది. కేంద్ర పరిధిలోని సంస్థల్లో ఎగుమతి దిగుమతి పనిచేసే నైపుణ్యం లేని కూలీకి 2024 అక్టోబరు 1 నుంచి ఎ వర్గం నగరాల్లో కేంద్రం నిర్ణయించినది రోజుకు 783 రూపాయలు, అంటే 26 రోజుల నెలకు 20,358 రూపాయలు. మోసే బస్తా అదే, మోసే భుజం అదే. ఏ లెక్క ముందు పెట్టుకొని సంఘంవారితో మాట్లాడాలో వ్యాపారికి తెలియదు, ఏ లెక్క అడగాలో సంఘానికీ తెలియదు.

అసలు ఈ లెక్కలకు మూలం 1957లో ఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ. పెద్దవాడికి రోజుకు 2,700 కేలరీల తిండి, నలుగురు మనుషులకు ఏడాదికి 72 గజాల గుడ్డ, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం ఖర్చులు అని అక్కడ లెక్క కట్టారు. 1991లో సుప్రీంకోర్టు రెప్టకోస్ బ్రెట్ కేసులో పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యం వంటి వాటికి మరో 25 శాతం కలపాలన్నది. 2,700 కేలరీలు మోస్తరు శ్రమ చేసేవాడికి. ఫాల్గుణ మాసపు ఎండలో, మిర్చి ఘాటులో, నలభై కిలోలు దాటిన టిక్కీలు మోసేవాడిది మోస్తరు శ్రమ అని యార్డులో ఒక పూట నిలబడినవారెవరూ అనరు.

సీజనులో హమాలీకి రోజు కూలీ తక్కువేమీ కాదన్న మాట వ్యాపార వర్గాల్లో వినిపిస్తుంది. అది నిజమే. సరుకు దండిగా వచ్చిన రోజున ఏ ప్రభుత్వ రేటుకూ తీసిపోని కూలీ గిట్టుతుంది. కాని సరుకు రాని నెలలున్నాయి, యార్డుకు వేసవి సెలవులున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, యాభై దాటిన తరువాత వెన్ను మొరాయించే రోజులున్నాయి. రోజు కూలీ లెక్క ఈ మూడింటినీ చూడదు. అవి చూసేది ప్రస్తుతం కమీషన్ వ్యాపారి గల్లాపెట్టె. పిల్ల పెళ్ళికి చేబదులు, ఆపరేషనుకు చేబదులు, దసరాకు మామూలు. తిరిగి రానివి ఎన్నో పెద్దల కాలం నుంచి ఖాతాల్లో అలాగే వుండిపోయినవి. అంటే సంక్షేమం ఖర్చు వ్యాపారి ఇప్పుడూ పెడుతున్నాడు. రసీదు లేకుండా, లెక్క లేకుండా, మంచివాడు ఎక్కువగాను గట్టివాడు తక్కువగాను పెడుతున్నాడు. అంతే తేడా.

ఈ చిక్కును విప్పిన పద్ధతి ఒకటి బొంబాయిలో వున్నది. మహారాష్ట్ర 1969లో మాథాడీ, హమాల్ కార్మికుల చట్టం చేసింది. యజమాని ఎవరన్న ప్రశ్నను అది పక్కన పెట్టింది. వ్యాపారులు, కార్మికులు, ప్రభుత్వం ముగ్గురి ప్రతినిధులతో బోర్డు ఏర్పడుతుంది. హమాలీలు, వ్యాపారులు అందులో నమోదవుతారు. వ్యాపారి కూలీని, దాని మీద కొంత శాతం లెవీని బోర్డుకు జమ కడతాడు. ఆ లెవీలో నుంచి ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, బోనసు, వైద్యం నడుస్తాయి. ఆంధ్రప్రదేశ్ కూడా 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికులకు అదే తీరులో చట్టం చేసింది. కాని బొంబాయిలో మాదిరి బోర్డులు, నెలవారీ జమలు మన యార్డుల్లో వేళ్ళూనలేదు. చట్టం పుస్తకంలో వున్నది, హమాలీ ముఠా మేస్త్రీ దగ్గర వున్నాడు.

కొత్త శాఖ పెట్టనక్కరలేదు. మార్కెట్ కమిటీ సెస్సు వసూలు చేసే చోటనే, తక్‌పట్టీలో హమాలీ ఖర్చు రాసే పంక్తి కిందనే, లెవీ పంక్తి ఒకటి చేర్చితే సరిపోతుంది. భారం ఎంత? లెక్క కోసం క్వింటాలు మిర్చి 15,000 రూపాయలనీ, దానిపై అన్ని హమాలీ ఖర్చులూ కలిపి 60 రూపాయలనీ అనుకుందాం. 30 శాతం లెవీ అంటే 18 రూపాయలు, సరుకు విలువలో 0.12 శాతం. ఒక్క పాటలో పైకీ కిందికీ పోయే తేడా అంతకన్నా ఎక్కువే వుంటుంది. ధాన్యంలో మాత్రం లెక్క వేరు. 2025-26 సాధారణ రకం మద్దతు ధర 2,369 రూపాయలు. హమాలీ 40 రూపాయలైతే లెవీ 12, అంటే విలువలో అర శాతం. తరుగులు, నూకలు చూసుకొనే మిల్లరుకు అర శాతం చిన్నది కాదు. సెస్సు విలువను బట్టి పడుతుంది, హమాలీ బరువును బట్టి పడుతుంది. కాబట్టి చవక సరుకుకు లెవీ శాతం తగ్గించి, ఖరీదైన సరుకుకు హెచ్చించడమే న్యాయం.

అభ్యంతరాలు లేకపోలేదు. లెవీ యార్డు సరుకు మీదనే పడితే సరుకు కోల్డ్ స్టోరేజీలకు, మిల్లు గేట్లకు తరలిపోతుంది. అందువల్ల ఈ పద్ధతి స్టోరేజీలకూ, జిన్నింగు మిల్లులకూ, రైల్వే గూడ్సు షెడ్డుకూ ఒకేసారి రావాలి. రైతు నెత్తిన పడుతుందన్నది రెండవ మాట. సాధారణంగా కాటా వరకు హమాలీ రైతు ఖాతా, కాటా అయిన తరువాత ఖరీదుదారు ఖాతా. లెవీ మొత్తం ఖరీదుదారు ఖాతాలోనే రాయాలి. అందులో కొంత పాట ధరలో నుంచి రైతు దగ్గరకే తిరిగి వస్తుందన్న సంగతి దాచనక్కరలేదు. మూడవది గట్టి అభ్యంతరం. నమోదైన ముఠాదే హక్కు అన్నప్పుడు పని చెయ్యకుండానే కూలీ అడిగే జులుం వస్తుంది. మహారాష్ట్రలో మాథాడీ పేరు చెప్పి వసూళ్ళు చేస్తున్నారన్న ఫిర్యాదులు వున్నాయి. కేరళలో వ్యాపారి తన మనుషులతో సరుకు దించుకొంటుంటే చూస్తూ నిలబడినందుకు అడిగే ‘నోక్కుకూలి’ని 2018 మే 1 నుంచి ప్రభుత్వం నిషేధించవలసి వచ్చింది. కనుక ఎత్తిన బస్తాకే కూలీ, కూలీకే లెవీ, లెవీ హమాలీ పేరిట వున్న ఖాతాకే. సంఘం చేతికి గాని, మేస్త్రీ చేతికి గాని పైసా పోరాదు. ఈ మూడూ లేని పథకానికి వ్యాపారులు ఒప్పుకోనక్కరలేదు.

కేంద్రం 2019లో పెట్టిన శ్రమయోగి మాన్‌ధన్ పింఛను వున్నది కదా అనవచ్చును. నెలకు 55 నుంచి 200 రూపాయల వరకు కార్మికుడు కడితే అంతే మొత్తం కేంద్రం కడుతుంది, అరవై ఏళ్ళకు నెలకు 3,000 రూపాయలు వస్తుంది. చేరే వయస్సు 18 నుంచి 40 లోపు. వెన్ను అరిగిన హమాలీకి 40 ఎప్పుడో దాటింది. కుర్రవాళ్ళకు సరుకు లేని నెలల్లో కంతు కట్టడం కష్టం. ఆ కంతు లెవీ నుంచే పోయే ఏర్పాటు వుంటే ఈ పథకం యార్డుకు నిజంగా పనికివస్తుంది.

రేట్ల పేచీకి మందు ఇంకా సులభం. కేంద్ర కనీస వేతనాలకు కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న ధరల సూచికను బట్టి మారుతుంది. హమాలీ రేటునూ అదే సూచికకు ముడిపెట్టి, అక్టోబరు 1నే సవరిస్తే మిర్చి సీజను నడుమ కాటాలు ఆగే పని వుండదు. ఇందుకు చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు, ఒప్పంద పత్రంలో ఒక షరతు చాలు. లెవీకి మాత్రం ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. దానికి ముందు కావలసినది యార్డులో నిజంగా మూటలు మోసేవారి పేర్లు, వయస్సులతో సరైన జాబితా. అది తయారు చెయ్యగలిగినవారు మేస్త్రీలు, వారికి కూలీ లెక్క కట్టే కొట్టు గుమాస్తాలు.